పురుళ్ళ ఆస్పత్రిలో అద్దె ఇల్లు

తెనాలిలో ఇల్లు చూశాననీ, అడ్వాన్సు కూడా ఇచ్చేశాననీ మోహనకృష్ణ చెప్పినప్పుడు కనకదుర్గ పప్పులోకి పోపు వేస్తోంది. ఇల్లు ఎక్కడ, గదులెన్ని, నీళ్ళెలా ఉన్నాయి అని ఆమె అడగలేదు. అత్తగారు రాఘవమ్మ పోయి సంవత్సరీకం కాకుండానే రేపల్లె ఇల్లు మరిది రమేష్ బాబు వాటాకి వెళ్ళిపోయింది. మోహనకృష్ణ రొయ్యల మేత గోడౌను తెనాలికి మారుతోంది. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. పిల్లా జెల్లా లేని ఇద్దరు మనుషులకి ఇల్లు ఎలా ఉంటేనేం అనుకుంది.

"ఖరీదైన ఇల్లే. సుఖంగా ఉంటావు," అన్నాడతను. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు.

కారు తెనాలి కాలవ వంతెన దిగి, పాత బజారు మలుపు తిరిగి, ఒక పెద్ద ఇనప గేటు ముందు ఆగేదాకా ఆమెకి సంగతి తెలియలేదు. గేటు కొత్తది. పక్కన నల్లరాయి మీద చెక్కిన బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలూ కొత్తవే. వాటి వెనకాల నిలబడ్డ రెండంతస్తుల మేడని మాత్రం ఎన్ని రంగులు వేసినా, ఎన్ని దీపాలు పెట్టినా ఆమె గుర్తుపట్టకుండా ఉండలేకపోయింది. అవే గుండ్రటి స్తంభాలు, అదే పొడుగాటి వరండా, అవే ఆకుపచ్చ చెక్క రెక్కల కిటికీలు. పైన పిట్టగోడ మధ్య సున్నంతో తీర్చిన తల్లీబిడ్డల బొమ్మ.

పురుళ్ళ ఆస్పత్రి.

స్వాతంత్ర్యానికి ముందు ఒక బియ్యం వ్యాపారి, పురిట్లో పోయిన తన భార్య పేరు మీద కట్టించిన ఆస్పత్రి అది. కొల్లూరు లంకల నుంచీ, పొన్నూరు నుంచీ, రేపల్లె నుంచీ నెలలు నిండిన ఆడవాళ్ళు ముందు ఎడ్లబళ్ళ మీదా, తర్వాత బస్సుల్లోనూ ఇక్కడికే వచ్చేవాళ్ళు. వ్యాపారి వారసులు కోర్టుకెక్కాక డాక్టర్లు వెళ్ళిపోయారు, మంచాలు తుప్పు పట్టాయి, గబ్బిలాలు చేరాయి. చివరికి ఎవరో బిల్డరు దాన్ని లీజుకు తీసుకుని, పైకి కనిపించేదేదీ మార్చకుండా లోపలంతా విలాసంగా ఫ్లాట్లు చేసి అద్దెకి ఇస్తున్నాడు. ఆ సంగతి కనకదుర్గ పేపర్లో చూసింది. చూసి, పేపరు మడిచి అవతల పెట్టేసింది.

"దిగు," అన్నాడు మోహనకృష్ణ.

"ఇక్కడా?"

"ఇక్కడే."

"ఏవండీ... ఇక్కడా?"

"ఇప్పుడది ఆస్పత్రి కాదు దుర్గా. ఇళ్ళు." అంటూనే అతను కారు తలుపు తీసుకుని దిగిపోయాడు.

మేనేజరు పేరు రాజీవ్. తెల్ల చొక్కా, మెళ్ళో ఐడీ కార్డు, గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. వరండాలోంచి లోపలికి నడిపిస్తూ అన్నీ చూపించాడు. అప్పటి గళ్ళ నేలని ఒక్క బిళ్ళ కూడా మార్చకుండా పాలిష్ పట్టించారట. దూలాలు బర్మా టేకట. ఆపరేషన్ థియేటర్ ఇప్పుడు జిమ్మట. మేడ మీద ఉన్న జనరల్ వార్డుని మూడు ఫ్లాట్లు చేశారట. అందులో చివరిది వీళ్ళది.

"సీలింగు ఎత్తు చూడండి మేడమ్. ఇప్పుడెవరు కడుతున్నారండీ ఇలా? ఏసీ లేకపోయినా చల్లగా ఉంటది. సగం తెనాలి ఇక్కడే పుట్టిందండి. ఆ పాజిటివ్ ఎనర్జీ వేరు. మేడమ్ కూడా ఇక్కడే పుట్టారా?"

"లేదండి," అంది కనకదుర్గ. ఆ వెంటనే, ఎందుకు అన్నదో తనకే తెలియకుండా, "నా పురుడు ఇక్కడే అయింది," అంది.

"అబ్బ! చూశారా సార్, మీ సొంతింటికి వచ్చినట్టే. బాబా మేడమ్, పాపా?"

"పాప."

"ఇప్పుడేం చేస్తున్నారండీ పాపగారు?"

మోహనకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "బాత్రూములు చూపించు బాబూ," అన్నాడు.

రాజీవ్ అటు వెళ్ళాడు. కనకదుర్గ మాత్రం గదిలోనే నిలబడింది. నిలువెత్తు ఫ్రిజ్జు, పొయ్యి మీద చిమ్నీ, చేత్తో తాకితే వెలిగే దీపాలు, గోడకి గోడంత టీవీ. వీటన్నిటి మధ్యా చివరి కిటికీ ఆమెకి తెలుసు. దాని కిందే తన మంచం ఉండేది. ఆ కిటికీలోంచి అప్పట్లో సపోటా చెట్టు కొమ్మ కనిపించేది. దాని మీద ఉడత అటూ ఇటూ పరిగెడుతుంటే, నొప్పుల మధ్య దాన్నే చూస్తూ పడుకుంది. దగ్గరికి వెళ్ళి రెక్క తోసి చూసింది. చెట్టు లేదు. కింద సిమెంటు వాలు, దాని మీదుగా కార్లు భూమి లోపలికి దిగే దారి.

పాప తెల్లవారుజామున పుట్టి, మధ్యాహ్నం దాకా ఉంది. ఒక్కసారి ఏడ్చింది. ఆయా తెచ్చి పక్కలో పడుకోబెడితే కనకదుర్గ కళ్ళు విప్పి చూసింది, మళ్ళీ మత్తు కమ్మేసింది. తెలివొచ్చేసరికి పక్కలో ఎవరూ లేరు. అత్తగారు తలాపున కూర్చుని ఉంది. "పొలానికి తీసుకెళ్ళారమ్మా. గట్టు మీద పెట్టారు. మన భూమిలోనే ఉంది," అంది. ఆ రోజు తుఫాను. మోహనకృష్ణ బాపట్ల అవతల సముద్రం వారన కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువుల దగ్గర చిక్కుకుపోయాడు. రోడ్లు తెగి, మర్నాటికి గాని రాలేకపోయాడు. బిడ్డని అతను చూడనేలేదు. ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. గుంటూరు తిరిగారు, విజయవాడ తిరిగారు, మొక్కులు మొక్కారు. ఒక వయసు దాటాక ఆ మాట ఎత్తడమే మానేశారు.

కానీ కనకదుర్గకి పొలం ఉంది. పెనుమూడి రోడ్డులో, తాటిచెట్ల పక్కన గట్టు. ఊడ్పులకి కూలీలతో వెళ్ళినప్పుడూ, కోతలకి వెళ్ళినప్పుడూ, ఎవరూ చూడకుండా అక్కడికి వెళ్ళి కాసేపు కూర్చునేది. ఇంటి సంగతులు చెప్పేది. బంతిపూలు దొరికితే రెండు పెట్టేది. దాని ఈడు పిల్లలు బడికెళ్తుంటే, కాలేజీకెళ్తుంటే, పెళ్ళిళ్ళు చేసుకుంటుంటే, ఆ గట్టు మీది పిల్లా ఆమె లెక్కలో పెరుగుతూనే వచ్చింది. ఎవరికీ చెప్పుకోలేని సంసారం అది. దాంతోనే ఆమె బతికింది.

ఈ మనిషికి ఇదేమీ పట్టదన్నమాట అనుకుంది ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా తెచ్చి తెచ్చి ఇక్కడ పెడుతున్నాడు. గొప్ప కోసం. పై నుంచి సుఖంగా ఉంటావని ఒక మాట.

వద్దని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి. పాతికేళ్ళుగా మూసిపెట్టిన నోరు తెరవాలి. దానికంటే సామాన్లు సర్దుకోవడం తేలిక.

చేరిన దగ్గర్నుంచీ ఆమెకి ఆ ఇంట్లో కుదురు లేదు. పడమటి గదిలో పడుకుంటే వార్డులో ఎవరో మూలుగుతున్నట్టుండేది. కింద జిమ్ములో పాటలు పెట్టుకుని పరిగెత్తే వాళ్ళ అడుగులు వింటే, స్ట్రెచరు చక్రాలు గుర్తొచ్చేవి. పక్క ఫ్లాటులో ఉండే పళ్ళ డాక్టరు స్నేహ ఒకరోజు కాఫీకి పిలిచి, "ఆంటీ, ఇక్కడ ఫొటోలు ఎంత బాగొస్తాయో తెలుసా, మా ఫ్రెండ్సంతా ఇక్కడికొచ్చే సీమంతం షూట్లు చేసుకుంటున్నారు," అంది. నిజమే. వరండాలో పూలదండల మధ్య నిండు చూలాళ్ళు పొట్ట మీద చేతులు పెట్టుకుని ఫొటోలు దిగుతుండేవాళ్ళు. కనకదుర్గ వాళ్ళని తప్పించుకుని వెనక మెట్ల మీంచి వెళ్ళేది.

మోహనకృష్ణ పొద్దున్నే లేచి నడకకని కిందికి దిగేవాడు. ఎప్పుడూ నడిచే అలవాటు లేని మనిషి. షుగరు వచ్చింది కదా, బుద్ధి వచ్చిందనుకుంది. ఒక ఉదయం గ్యాసు బండ తెచ్చినవాడు కింద నుంచి ఫోన్ చేస్తే, పుస్తకం కారులో ఉండిపోయిందని గుర్తొచ్చి ఆమే సెల్లారులోకి దిగింది.

ట్యూబులైట్ల వెలుతురులో వరసగా కార్లు. చివరి స్తంభం పక్కన, రెండు కార్ల సందులో మోహనకృష్ణ నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టుకున్నాడు. గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డాడు గాని, అక్కడ దేవుడు లేడు. సిమెంటు గోడ, నీళ్ళ పైపు, అంతే.

"ఏవండీ?"

అతను ఉలిక్కిపడ్డాడు. చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్నాడు.

"ఏం చేస్తున్నారు ఇక్కడ?"

"ఏం లేదు. నడుస్తున్నా."

"చెప్పులిప్పి నడుస్తారా?"

పై నుంచి ఎవరిదో కారు వాలు దిగి వచ్చి, వీళ్ళని దాటి వెళ్ళి ఆగింది. అందులోని మనిషి లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడు అతనన్నాడు.

"పొలంలో లేదు దుర్గా."

"ఏంటి లేనిది?"

"పాప. పొలానికి తీసుకురాలేదు. ఆ వానలో ఎవరూ బండి కట్టలేదంట. బస్సులో తేనివ్వరు కదా. ఆయమ్మకి అప్పజెబితే ఇక్కడే వెనక పెరట్లో పెట్టేసిందంట. నీకు చెబితే తట్టుకోలేవని పొలం అని చెప్పిందంట అమ్మ. పోయే ముందు నాకు చెప్పింది. నాకూ అప్పటిదాకా తెలీదు."

కనకదుర్గ పక్కనున్న కారు మీద చెయ్యి వేసింది. కారు కూతలు పెట్టడం మొదలెట్టింది. అతను గబగబా ఆమె చెయ్యి తీసేశాడు. ఆ మోత ఆగేదాకా ఇద్దరూ దొంగల్లా నిలబడ్డారు.

"ఈ బిల్డింగు అద్దెకిస్తున్నారని విని పరుగెత్తుకొచ్చా," అన్నాడు. "పెరడు ఉంటది, కిటికీలోంచి కనపడతది, నీకు నెమ్మదిగా చెప్దాం అనుకున్నా. ముందు గదులే చూపించి సంతకాలు చేయించుకున్నారు. తీరా వెనక్కొచ్చి చూస్తే ఇది."

కోపమొస్తుందని, ఏడుపొస్తుందని అతను కాచుకుని ఉన్నాడు. ఆమె మాత్రం ఆ నేలనే చూస్తూ, "నాకు చెప్పకుండా ఉండాల్సింది," అంది. "గట్టు మీదే ఉండనివ్వాల్సింది."

"నువ్వడిగావని..."

"అడిగితే మాత్రం!"

ఇద్దరూ పైకి వచ్చేసరికి గ్యాసు బండ తెచ్చినవాడు విసుక్కుని వెళ్ళిపోయాడు.

అయితే ఆ మధ్యాహ్నం ఆయమ్మ సంగతి ఎత్తింది కనకదుర్గే. పేరు మీరాబీ అని గుర్తుంది. అడగ్గా అడగ్గా నాజరుపేటలో కోడలి దగ్గర ఉందని తెలిసింది. ఇద్దరూ వెళ్ళారు. కోడలు సాదియా కుర్చీలు వేసి, "అమ్మీ, ఆస్పత్రి రోజుల వాళ్ళంట," అని మంచం దగ్గర గట్టిగా చెప్పింది. ముసలామె లేచి కూర్చుంది. కళ్ళ మీద తెల్లటి పొర. మొహంలో మాత్రం ఎవరో తన కోసం వచ్చారన్న సంబరం.

"రండమ్మా. ఎవరు మీరు? మీ పిల్లలెవరన్నా నా చేతుల్లో పడ్డారా?"

కనకదుర్గ చెప్పింది. తుఫాను రోజనీ, రేపల్లె రాఘవమ్మ కోడలిననీ, చివరి కిటికీ కింద మంచమనీ, ఆడపిల్ల అనీ. చెప్తుంటే మీరాబీ మొహంలో సంబరం మెల్లిగా ఆరిపోయింది.

"ఆ పెరడంతా పిల్లలేనమ్మా," అంది. "సపోటా చెట్టు దగ్గర కొందరు, గోడవారన కొందరు, బావి పక్కన కొందరు. తీసుకెళ్ళలేని వాళ్ళు నాకే ఇచ్చిపోయేవాళ్ళు. స్నానం చేయించి, గుడ్డ చుట్టి, నేనే పెట్టేదాన్ని. ఏ మతమైనా నాకొచ్చిన దువా చదివేదాన్ని."

"మా పాపని ఎక్కడ పెట్టారో..."

మీరాబీ చెయ్యి చాపి గాల్లో వెతికి కనకదుర్గ మోకాలు పట్టుకుంది. "నాకు గుర్తులేదు బిడ్డా. తుఫానులు ఎన్నో చూశాను. ఆడపిల్లలు ఎందరో. ఫలానా చోటని ఒక మాట అనేస్తే నువ్వు సంతోషంగా వెళ్ళిపోతావు. కానీ అబద్ధమాడలేను. ఈ వయసులో నన్నడగమాక."

సాదియా టీ తెచ్చింది. ఇద్దరూ తాగారు. ఏ ఇంటికి వెళ్ళినా తాగినట్టే తాగారు. వచ్చేటప్పుడు మీరాబీ, "ఇప్పుడు ఆ పెరడు ఎలా ఉందమ్మా?" అని అడిగింది. మోహనకృష్ణ, "బాగానే ఉందండి," అన్నాడు.

సెల్లారు తవ్వినప్పుడు మట్టి ఎక్కడికి పోయిందో రాజీవ్‌కి తెలుసు. అడగ్గానే చెప్పేశాడు. "అది బ్రహ్మాండమైన మట్టి సార్. మా బిల్డరుగారిదే పొన్నూరు దాటాక బాపట్ల రోడ్డులో వెంచరు ఉందండి. లోతట్టు పొలం. టిప్పర్లు పెట్టి అంతా అక్కడికే తోలించేశారు. మీకు ప్లాటు ఏమన్నా కావాలాండీ?"

"తవ్వేటప్పుడు ఏమన్నా బయటపడ్డాయా?" అని అడిగింది కనకదుర్గ.

"ఏం పడతాయి మేడమ్? పాత ఇటుకలు, సీసాలు. జేసీబీకి ఏం కనపడతది!"

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. పొన్నూరులో టిఫిన్ చేద్దామన్నాడు మోహనకృష్ణ. ఆమె వద్దంది. దారికి రెండు పక్కలా వరి ఈనిక మీద ఉంది, ఎటు చూసినా పచ్చగా ఉంది. మిల్లుల దగ్గర లారీలు ఆగి ఉన్నాయి. కారంచేడు బోర్డున్న బస్సు ఒకటి హారన్ కొడుతూ వీళ్ళని దాటిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరం ఒకే పని మీద వెళ్తున్నామని ఆమెకి అనిపించింది. ఏదో ఒకటి ఉంటుందని కూడా అనిపించింది. ఏముంటుందో తెలియదు. ఒక మూల ఆ నల్లమట్టి కుప్ప ఇంకా సర్దకుండా ఉండొచ్చు. దాని మీద గడ్డి మొలిచి ఉండొచ్చు.

వెంచరు ముందు పెద్ద కమాను, రంగు జెండాలు. లోపల సిమెంటు రోడ్లు, తెల్ల రంగు వేసిన హద్దు రాళ్ళు. అక్కడక్కడా ఇళ్ళకి పునాదులు తీస్తున్నారు. రేకుల షెడ్డులోంచి ఏజెంటు ఒకాయన, బట్టతల, నడివయసు, పరిగెత్తుకొచ్చాడు.

"రండన్నయ్యా, రండి వదినగారూ. తూర్పు ఫేసింగు రెండే ఉన్నాయి. నిన్ననే ఒకరు అడిగి వెళ్ళారు."

"తెనాలి నుంచి మట్టి తెచ్చి పోశారంట కదా," అన్నాడు మోహనకృష్ణ. "అది ఎక్కడ పోశారు?"

ఏజెంటు ఆ ప్రశ్నని వేరేలా అర్థం చేసుకున్నాడు. "మెరక గురించి మీకు భయమే అక్కర్లేదన్నయ్యా. తెనాలి మట్టి, చెరువు మట్టి, కాలవ పూడిక మట్టి, అన్నీ కలిపి పరిచి, నీళ్ళు కొట్టి రోలరు తోలాం. ఇప్పుడు ఏది ఎక్కడిదో ఎవడూ చెప్పలేడు. రాయిలా ఉంటది."

కనకదుర్గ రోడ్డు దిగి నడిచింది. ఒక ప్లాటు దాటింది, ఇంకొకటి దాటింది. అంతా ఒకేలా ఉంది. ఒకచోట సెప్టిక్ ట్యాంకుకి గొయ్యి తవ్వుతున్నారు. దాని అంచుకి వచ్చి తొంగి చూసింది. పైన బూడిద రంగు, కింద నలుపు, ఇంకా కింద నీళ్ళు ఊరుతున్నాయి. తవ్వేవాళ్ళు పని ఆపి, "ఎవరు కావాలమ్మా?" అన్నారు. ఎవరూ వద్దని తలూపింది.

వెనక్కి తిరిగేసరికి మోహనకృష్ణ వంగి, గొయ్యి గట్టున పడ్డ మట్టి గుప్పెడు తీసుకుని జేబురుమాలులో పోసుకుంటున్నాడు.

"వద్దండి," అంది.

"కొంచెమే. ఇంట్లో కుండీలో వేసి..."

"అది ఎవరి మట్టో."

అతను ఆమెని చూశాడు, రుమాలులోకి చూశాడు. వాదిస్తాడేమోననుకుంది. వాదించలేదు. రుమాలు తిరగేసి దులిపాడు. అది మడిచి జేబులో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. ఏజెంటు వెనకాలే వచ్చి, ఫోను నంబరు ఇచ్చి వెళ్ళమని బతిమాలాడు. ఇచ్చి వచ్చేశారు.

తిరుగు దారిలో ఆమె అడిగింది, ఆ ఇల్లు ఖాళీ చేద్దామా అని. చేద్దాం, కానీ ఎక్కడికి వెళ్దామన్నాడు. ఆమె ఆలోచించింది. రేపల్లెకి మరిది ఇంటికి చుట్టంలా వెళ్ళాలి. పెనుమూడి పొలం ఉంది గాని, ఇప్పుడది మామూలు పొలం. ఆ గట్టు మీద తను ఇన్నేళ్ళూ కూర్చుని ఎవరితో మాట్లాడింది? గడ్డితో, తాటిచెట్లతో. అక్కడికి మళ్ళీ వెళ్ళడం తన వల్ల కాదు. ఇక్కడ ఉండడమూ కాదు. ఇక్కడ కాక మరో చోటంటూ కూడా ఏమీ కనిపించలేదు. "సరే, ఉందాం లెండి," అంది.

ఉన్నారు. మోహనకృష్ణ పొద్దున్నే సెల్లారులోకి దిగడం మానేశాడు. చివరి కిటికీకి రాజీవ్ చేత మందపాటి కర్టెన్ వేయించాడు. స్నేహ పిలిస్తే కనకదుర్గ కాఫీకి వెళ్ళి వస్తోంది. చుట్టాలెవరైనా వస్తే ఇల్లంతా తిప్పి చూపిస్తున్నారు. దూలాలు చూసి, నేల చూసి, అదృష్టవంతులు అంటున్నారు వాళ్ళు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర, మజ్జిగ పోసుకుంటూ మోహనకృష్ణ ఉన్నట్టుండి అడిగాడు.

"ఎవరి పోలిక?"

ఎవరి గురించో ఆమెకి అర్థమైంది. ఇన్నేళ్ళలో అతను ఆ మాట అడగడం ఇదే మొదలు. చెప్పాలనే అనుకుంది. గట్టు మీద కూర్చున్నప్పుడల్లా ఆ మొహం ఎంత స్పష్టంగా కనిపించేది! నుదురు, పెదవి, బుగ్గన సొట్ట, అన్నీ. ఇప్పుడు కళ్ళు మూసుకుని వెతికింది. తాటిచెట్లు కనిపించాయి. గడ్డి కనిపించింది. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. అసలు ఆ రోజు మత్తులో తను చూసింది ఎంతసేపని? మిగిలినదంతా తర్వాత తను అల్లుకున్నదేనేమో.

"గుర్తులేదండి," అంది.

అతను సరేనని తలూపాడు. మజ్జిగ అన్నం కలుపుకున్నాడు గాని తినలేదు. కంచం తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి, దాన్ని కడుగుతూ అక్కడే నిలబడిపోయాడు. కనకదుర్గ లేవలేదు. ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చుని, ఆ నీళ్ళ చప్పుడు వింటూ ఉంది.